ఇర్యా ఎత్తలేకపోయిన బరువు

పదో వారం పరీక్షలో ఇర్యా కాళ్ళతో తోసిన బరువు నూట పన్నెండు కిలోలు. మొదటి రోజు తోసింది డెబ్భై ఎనిమిది. జిమ్‌లో ఉన్న పద్నాలుగు మంది ఆడవాళ్ళూ చప్పట్లు కొట్టారు. అందరూ అరవై ఐదు దాటినవాళ్ళే. మోకాలో నడుమో పట్టుకోకుండా కుర్చీలోంచి లేచేవాళ్ళు వాళ్ళలో ఒక్కరూ లేరు, చప్పట్లకు మాత్రం ఏ లోటూ చెయ్యలేదు. ఇర్యా యంత్రం మీంచి లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. సంతోషంతో మాత్రం కాదు. ఆ అంకె పెరగకుండా ఉంటే చాలని ఆమె పది వారాలుగా కోరుకుంటోంది.

ఇర్యాకు డెబ్భై ఒకటి. పుట్టింది ఇప్పటి తన ఇంటి ముందున్న సరస్సుకు అవతలి ఒడ్డున, ఆరు ఆవులున్న ఇంట్లో. ఏడేళ్ళు నిండకముందే బావి దగ్గరనుంచి కొట్టం దాకా రెండు చేతుల్లో రెండు బకెట్ల నీళ్ళు మోసింది. పెళ్ళయ్యాక ముప్పై మూడేళ్ళు ప్లైవుడ్ ఫ్యాక్టరీలో పనిచేసింది. తడి చెక్క పొరలు ఒక్కొక్కటే ఎత్తి ఆరబెట్టే యంత్రానికి అందించడం ఆమె పని. మనిషి సన్నం, గాలికి ఎగిరిపోతుందేమో అన్నట్టు ఉండేది. కానీ రెండో షిఫ్టు అయ్యేసరికి లావుపాటి మగవాళ్ళు గోడకు ఆనుకుని రొప్పుతుంటే ఆమె చేతులు మాత్రం ఆగేవి కావు. "కాస్త చెయ్యి వెయ్యండి" అన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు. ఓసారి సోఫాను ఒక్కతే మూడో అంతస్తు దాకా ఎక్కించింది, పక్క ఫ్లాట్ వాళ్ళు ఇంట్లోనే ఉన్నా సరే.

ఆ మాటకొస్తే ఆమె ఒక్కతే కాదు, ఆ ప్రాంతం వాళ్ళందరూ అంతే. సాయం అడగడమంటే వాళ్ళకు నడివీధిలో బట్టలిప్పుకుని నిలబడినంత నామోషీ. నిజం చెప్పాలంటే బట్టలిప్పుకోవడమే వాళ్ళకు తేలిక. వారానికోసారి సౌనాలో, అంటే ఆవిరి స్నానాల గదిలో, కాలిన రాళ్ళమీద నీళ్ళు చల్లుకుంటూ, ఆ ఆవిరిలో ఇంటిల్లిపాదీ దిగంబరంగా కూర్చునేవాళ్ళే కదా. ఆ మనుషుల మధ్య ఇన్నేళ్ళు బతికి కూడా నాకు ఈ లెక్క బోధపడలేదు. కట్టెలు మోసుకొస్తున్న ముసలమ్మకు ఎదురెళ్ళి "ఇటివ్వండి" అంటే, నేనేదో తిట్టినట్టు చూస్తుంది.

ఇర్యా భర్త తైస్తో దుంగల లారీ నడిపేవాడు. ఎనభై తొమ్మిది కిలోల మనిషి. రోజుకు ఇరవై మాటలు మాట్లాడితే గొప్ప. రిటైరయ్యాక ఇద్దరూ పట్నం వదిలేసి సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఇంట్లో స్థిరపడ్డారు. ఇంటికి అరవై అడుగుల దూరంలో, నీళ్ళ పక్కనే, తైస్తో తాత కట్టిన దుంగల సౌనా. అక్కడ సరస్సు నీళ్ళు సన్నటి పాయగా లోపలికి చొచ్చుకొస్తాయి, ఆ పాయకు అటువైపు ఇల్లు హెల్విది. హెల్వి అప్పటికే భర్త పోయి ఒంటరిగా ఉంటోంది.

నాలుగేళ్ళ కిందట అక్టోబరులో ఒక శనివారం సాయంత్రం మొగుడూ పెళ్ళాలు సౌనాలో ఉన్నారు. తైస్తో పైబల్ల మీద కూర్చుని "ఇంకొక్క గరిటె నీళ్ళు పొయ్యి" అన్నాడు. ఇర్యా పోసింది. ఆవిరి సద్దుమణిగి చూసేసరికి అతను పక్కకు ఒరిగి, బల్ల మీంచి జారి, నేలమీద పడి ఉన్నాడు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ఊపిరి ఉంది. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు, లోపలికి ఒక ఈల, బయటికి ఒక గురగుర.

ఇర్యా తలుపు బార్లా తెరిచింది. వెనకనుంచి అతని చంకల కింద చేతులు దూర్చి లాగింది. తడి ఒళ్ళు, సబ్బు నురగ, పట్టుకోవడానికి ఒంటిమీద నూలుపోగు లేదు. అంగుళం అంగుళం గడప దాకా తెచ్చింది. పాతకాలపు గడప, జానెడు ఎత్తు. అక్కడ ఆగిపోయింది. ఎత్తితే చేతుల్లోంచి జారిపోయాడు, మళ్ళీ పట్టింది, మళ్ళీ జారిపోయాడు. ముందు బయటికి తీస్తే చాలు, తరవాత ఫోను చేద్దాం అనుకుంది. ముప్పై నిమిషాలు అలాగే పెనుగులాడింది. ఆ ముప్పై నిమిషాలూ అతని ఊపిరి ఆమె మోచేతుల మధ్యే వినపడుతూ ఉంది. తరవాత వినపడలేదు. అప్పుడు లేచి ఇంట్లోకి వెళ్ళి ఫోను చేసింది.

అందరూ ఒకటే మాట అన్నారు. డాక్టరు, పాస్టరు, చెల్లెలు, ఫ్యాక్టరీ స్నేహితులు. "అంత మనిషిని నువ్వెలా ఎత్తుతావ్ ఇర్యా? ఆడదాని వల్ల అయ్యే పనేనా?" ఆ మాట పట్టుకునే ఆమె నాలుగేళ్ళు నెట్టుకొచ్చింది. నా వల్ల కాలేదు, ఎవరివల్లా కాదు. కానీ ఆ ఊపిరి ఆమెను వదల్లేదు. గిన్నెలు కడుగుతుంటే వచ్చేది. బస్సు తలుపు మూసుకునేటప్పుడు వచ్చేది. కట్టెల బుట్ట ఎత్తితే చాలు, మోచేతుల లోపలివైపు ఆ జారుడు, ఆ వెచ్చదనం, అచ్చంగా అక్కడే ఉండేవి. ఓ రోజు దుకాణంలో బంగాళాదుంపల సంచీ చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయింది. కౌంటర్ దగ్గర అమ్మాయి వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగేదాకా కదల్లేదు. తైస్తో పోయాక ఆమె సౌనా వెలిగించలేదు. స్నానం ఇంట్లోనే, కాసిని గోరువెచ్చని నీళ్ళతో.

హెల్వి మాత్రం వస్తూ పోతూ ఉండేది. బ్లూబెర్రీ పళ్ళ తీపి రొట్టె చేసి తెచ్చేది, మంచు ఊడ్చేది, అడగకుండానే. పోయిన ఆగస్టులో ఓ పొద్దున పేపరు పట్టుకుని దిగింది.

"చూడు, అరవై ఐదు నుంచి డెబ్భై ఐదు లోపు ఆడవాళ్ళు కావాలట. ఎప్పుడూ జిమ్ మొహం చూడనివాళ్ళు కావాలట. మనల్ని పక్కన కూర్చోబెట్టుకుని రాసినట్టున్నారు."

"నాకెందుకే అవన్నీ."

"వారానికి రెండుసార్లు, ఇరవై ఒక్క వారాలు. బరువులెత్తాలి. వయసు మళ్ళాక ఆడవాళ్ళ కండ మాట వింటుందా వినదా అని చూస్తారట."

"నీ కండ నీ మాటే వినదు, వాళ్ళ మాటేం వింటుంది?"

"ఆ సంగతే తేలుతుందిగా. ఇద్దరి పేర్లూ ఇచ్చేశాను. కారు నాది, పెట్రోలు నాది. నువ్వు నోరు మూసుకుని పక్కన కూర్చో."

ఇర్యా ఒప్పుకుంది. హెల్వి అడిగిందని కాదు. తన లోపల ఏముందో ఎవరో ఒకరు కొలిచి, కాగితం మీద రాసి, 'నీ వల్ల అయ్యేది కాదు' అని చేతిలో పెడతారని ఆశ. జనం జాలిపడి అనే మాట ఆమెకు చాలలేదు. లెక్క కావాలి.

అక్కడ వాళ్ళను చూసుకునే పరిశోధకురాలి పేరు రీక్కా. ముప్పై దాటని పిల్ల, హ్యాండ్‌బాల్ ఆడే మనిషి, తలుపు నిండా ఉంటుంది. మొదటి రోజు అందరినీ పడుకోబెట్టి, తొడమీద చల్లటి జిగురు రాసి, స్కానింగ్ చేసింది. ఆ ఫలితాలు పదో వారం పరీక్ష అయిన తరవాతే చెప్పింది. ఇర్యా బాత్రూమ్‌లోంచి బయటికి వచ్చేసరికి, హెల్వి తెర ముందు కుర్చీలో తిష్ఠ వేసుకుని ఉంది.

"రండి ఇర్యా గారూ, మీదే చూపిస్తున్నాను," అంది రీక్కా. "ఇదిగో, ఈ తెల్లగా ఉన్నదంతా కొవ్వు, పీచు. నల్లగా ఉన్నది పనిచేసే కండ. కొందరికి తొడ లావుగా ఉంటుంది కానీ లోపలంతా తెల్ల చారలే. మీది సన్నం. కానీ చూడండి, ఎంత నల్లగా ఉందో. ఉన్న కండలో ఒక్కో పిసరు ఎంత పని చేస్తోందని చూస్తే, ఈ గుంపులో మీ తరవాతే ఎవరైనా."

"ఇది ఇక్కడికొచ్చాక అయిందా?" అంది ఇర్యా.

"బలం ఇక్కడ పెరిగింది, అందరికన్నా ఎక్కువే పెరిగింది. కండ నాణ్యత మాత్రం మొదటి రోజు బొమ్మలోనే ఉంది. ఎన్నో ఏళ్ళ పనిది."

"మరి నాది?" అంది హెల్వి.

రీక్కా కాస్త తటపటాయించింది. "మీది... మీ ఇద్దరూ చేసింది ఒకటే. ఒకే యంత్రం, ఒకే లెక్క. కానీ అందరి ఒళ్ళూ ఒకేలా స్పందించదు హెల్వి గారూ. కొందరికి చాలా వస్తుంది, కొందరికి కొంచెం వస్తుంది. మీది నెమ్మది."

"నెమ్మది కాదమ్మాయ్, వాటికి చెవుడు. నువ్వు మైకు పెట్టి అరిచినా వాటికి ఎక్కదు."

అందరూ నవ్వారు. ఇర్యా నవ్వలేదు. తెరమీద ఆ నల్లటి కండను చూస్తూ ఉండిపోయింది. ముప్పై మూడేళ్ళు చెక్క పొరలు ఎత్తి సంపాదించిన బలం. నాలుగేళ్ళ కిందట అక్టోబరులో కూడా అది ఒంట్లోనే ఉంది. అయితే ఇన్నాళ్ళూ తను చెప్పుకున్నది అబద్ధమేనా? పక్కన ఎవరో యంత్రం దించారు. ఆ బరువులు దిగేటప్పుడు వచ్చిన చప్పుడులో ఈల వినిపించింది, వెనకే గురగుర.

అప్పటినుంచి ఆమె దొంగాట మొదలెట్టింది. మామూలు రోజుల్లో చెప్పినంతా ఎత్తేది. ఒళ్ళు పనికి అలవాటుపడింది, ఊరుకోమంటే ఊరుకోదు. పరీక్ష రోజు మాత్రం మొహం చిట్లించి, మధ్యలో వదిలేసేది. ఫ్యాక్టరీలో ఒక్క రోజు పని ఎగ్గొట్టని మనిషి డెబ్భై ఒకటో ఏట ఈ పని నేర్చుకుంది. ఎవరూ కనిపెట్టరనుకుంది.

మార్చిలో ఆఖరి పరీక్ష వచ్చింది. ఇర్యా తొంభై కిలోల దగ్గర ఆగిపోయింది. మిగతావాళ్ళు పక్కగదిలో కాఫీకి వెళ్ళారు. రీక్కా మాత్రం కదలకుండా, కాగితం ఒళ్ళో పెట్టుకుని యంత్రం పక్కన నేలమీద కూర్చుంది.

"పోయిన మంగళవారం నూరు కిలోలు ఎనిమిదిసార్లు తోశారు. ఇవాళ తొంభై కిలోలు ఒక్కసారి కూడా వెళ్ళలేదంటే నన్ను నమ్మమంటారా?"

ఇర్యా తువ్వాలు మడతపెట్టసాగింది.

"నాకు కోపం లేదండీ. ఎందుకో చెప్తే చాలు."

"నిన్నొకటి అడుగుతాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి," అంది ఇర్యా. "ఎనభై తొమ్మిది కిలోల మనిషి. స్పృహ లేదు. ఒళ్ళంతా తడి. జానెడు గడప. ఈ కాళ్ళతో, ఈ చేతులతో నేను దాటించగలిగేదాన్నా?"

రీక్కా ఆ మనిషి ఎవరని అడగలేదు. ఊరడించే మాటలు ఏమైనా చెబుతుందేమోనని ఇర్యా భయపడింది. ఆ పిల్ల అదీ చెప్పలేదు. లేచి, మెట్లెక్కే వ్యాయామానికి వాడే పొట్టి బల్లను ఈడ్చుకొచ్చి అడ్డంగా వేసింది. దానికి ఇవతల నేలమీద వెల్లకిలా పడుకుంది.

"నేను ఎనభై రెండు కిలోలు. పైగా బట్టలున్నాయి, తడి లేదు. ఆనాటికన్నా తేలికే. లాగండి. ఈసారి దాచుకోకండి."

ఇర్యా చొక్కా చేతులు పైకి మడిచింది. రీక్కా చంకల కింద చేతులు దూర్చింది. ఆ బరువు తగలగానే ఒళ్ళు జలదరించింది, ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తరవాత లాగింది. ఈసారి ఏమీ దాచుకోలేదు. బకెట్లు మోసిన చేతులు, చెక్క ఎత్తిన నడుము, ఇరవై ఒక్క వారాల కాళ్ళు, అన్నీ పెట్టింది. రీక్కా జానెడు జరిగింది. మూరెడు జరిగింది. బల్ల అంచుకు వీపు తగిలి ఆగిపోయింది. మళ్ళీ లాగింది. కదల్లేదు. మూడోసారి కాళ్ళు తన్నిపెట్టి, పళ్ళు బిగించి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా లాగింది. ఆ పిల్ల భుజాలు బల్ల ఎక్కాయి, నడుము ఎక్కలేదు. ఇర్యా వదిలేసి నేలమీద కూలబడింది.

కాదు. నా వల్ల కాదు. నాలుగేళ్ళుగా కాగితం మీద కావాలనుకున్నది ఇప్పుడు చేతుల్లోనే దొరికింది. ఆమె గుండెలమీద బరువు దిగినట్టయింది. ఏడుపు కూడా వచ్చింది.

గుమ్మంలో హెల్వి నిలబడి ఉంది, చేతిలో కాఫీ కప్పుతో. ఎంతసేపటినుంచి చూస్తోందో తెలియదు. కప్పు కిటికీ దగ్గర పెట్టింది. వచ్చి రీక్కా మోకాళ్ళ కింద చేతులు వేసింది.

"నువ్వు భుజాలు పట్టు."

"హెల్వీ, వద్దు."

"పట్టమన్నానా."

ఇర్యా పట్టింది. ఇద్దరూ ఎత్తారు. ఇరవై ఒక్క వారాల్లో కండకు మాట చెవికెక్కని హెల్వి, తోసే బరువు మూడు కిలోలు కూడా పెరగని హెల్వి, ఆ చివర పట్టుకుంటే, రీక్కా ఒక్క ఊపులో బల్ల దాటి అవతల పడింది. ఇద్దరికీ రొప్పు కూడా రాలేదు.

రీక్కా లేచి కూర్చుంది. మొహం వెలిగిపోతోంది. మంచి మాటే చెప్తున్నానని ఆ పిల్ల అనుకుంది. "చూశారా ఇర్యా గారూ? మీ తప్పేం లేదు. ఈ గుంపులో ఒక్కరి వల్ల అయ్యే పని కాదది. ఇంకో మనిషి ఉంటే చాలు, ఎవరైనా సరే."

ఇర్యా హెల్వి వైపే చూస్తోంది. ఆ చూపు చూసి రీక్కా కాగితాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

"మీ సౌనా గొట్టంలోంచి పొగ వస్తోంది ఆ రోజు," అంది ఇర్యా. "చూశాను."

ఈ ముక్క ఆమె ఎవరికీ చెప్పలేదు. డాక్టరుకు చెప్పలేదు, పాస్టరుకు చెప్పలేదు, తనకు తాను కూడా చెప్పుకోలేదు. లాగలేక ఊపిరాడక ఆమె రెండుసార్లు బయటికి వచ్చింది. రెండుసార్లూ పాయ అవతల హెల్వి గొట్టం మీద పొగ కనిపించింది. శనివారం సాయంత్రం ఆరు. ఆ వేళ ఎవరూ ఎవరి గుమ్మం తొక్కరు. ఫోను కూడా చెయ్యరు. సౌనాలో ఉన్నవాళ్ళను కదపకూడదని అక్కడి పిల్లలకు ఎవరూ ప్రత్యేకించి నేర్పరు, చూసి నేర్చుకుంటారు. ఇర్యా రెండుసార్లూ ఆ పొగ చూసి, పాపం స్నానంలో ఉంటుంది అనుకుని, మళ్ళీ లోపలికి వెళ్ళి లాగింది.

"సిగ్గేసింది," అంది ఇర్యా. "ఆయన ఊపిరి వినపడుతోంది, నాకు సిగ్గేసింది. నిన్ను పిలవడానికి."

హెల్వి వచ్చి యంత్రం మీద కూర్చుంది.

"నేను అప్పటికి లోపలికి వెళ్ళలేదే. పొయ్యి సరిగ్గా అంటుకోలేదు, ఆలస్యమైంది. మెట్లమీద కూర్చున్నాను, తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని. నీ గొంతు వినపడింది. తైస్తో, తైస్తో అని. నీళ్ళమీద మాట ఎంత బాగా వినపడుతుందో నీకు తెలుసుగా."

"విన్నావా?"

"విన్నాను. ఏదో అయిందనిపించింది. లేచి నిలబడ్డాను కూడా. వాళ్ళ సౌనా వేళ, నేను వెళ్ళి తలుపు దగ్గర నిలబడితే ఏం బావుంటుంది అనిపించింది. ఏమైనా అయితే ఇర్యా పిలుస్తుందిలే అనుకున్నాను. కాసేపు చూసి, నువ్వు పిలవలేదు, లోపలికెళ్ళి స్నానం చేశాను."

"నేను పిలిచింది నిన్ను కాదు."

"తెలుసు. నువ్వెవర్నీ పిలవవు. అదీ నాకు తెలుసు. అయినా కూర్చున్నాను."

ఇర్యాకు ఒళ్ళు మండింది. ఆ బ్లూబెర్రీ రొట్టెలు, మంచు ఊడ్చిన పొద్దుటి పూటలు, ఈ ఇరవై ఒక్క వారాల కారు ప్రయాణాలు, అన్నీ ఎందుకో ఇప్పుడు తెలిసింది. కొట్టాలనిపించింది. ఎవరిని కొట్టాలో తేలలేదు. తిరుగు ప్రయాణం నలభై నిమిషాలూ ఇర్యా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఇర్యా గేటు దగ్గర దిగి, తలుపు గట్టిగా వేసింది. హెల్వి కారు తిప్పుకుని వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఆ నాలుగు రోజులూ ఇర్యాకు ఊపిరి వినిపిస్తూనే ఉంది, ఇంతకుముందుకన్నా ఎక్కువగా. ఇదివరకు ఆ ఊపిరి తనను 'బలం చాలలేదా' అని అడిగేది. ఇప్పుడు అడగడం మానేసింది. ఊరికే వస్తోంది, పోతోంది, ఎదురుచూస్తున్న మనిషి ఊపిరిలా.

శనివారం ఆరు గంటలకు ఇర్యా వంటింటి కిటికీలోంచి చూసింది. మార్చి నెల, ఇంకా వెలుతురుంది. పాయ అవతల హెల్వి గొట్టంలోంచి పొగ లేస్తోంది. ఇర్యా బూట్లు వేసుకుంది, కోటు వేసుకోవడం మరిచిపోయింది. గడియారం చూసుకుని బయలుదేరింది. పాయ చుట్టూ తిరిగే దారి, మంచు మెత్తబడి కాలు దిగబడుతోంది. ఆమె పరుగెత్తలేదు. మామూలుగా నడిచింది.

హెల్వి సౌనా తలుపు ముందు ఆగింది. లోపల రాళ్ళమీద నీళ్ళు పడ్డ చప్పుడు, ఆ వెనక హెల్వి నిట్టూర్పు. ఇర్యా చెయ్యి పైకి లేచింది కానీ తలుపు తట్టలేదు. బతుకంతా ఆ చెయ్యి ఎన్నో ఎత్తింది, ఈ ఒక్క పనికి మాత్రం ఎంతకీ ముందుకు పోలేదు. చివరికి రెండుసార్లు తట్టింది.

"రా," అంది హెల్వి లోపల్నుంచి. ఎవరని అడగలేదు.

ఇర్యా తలుపు లాగింది. వేడి మొహానికి కొట్టింది. పైబల్ల మీద హెల్వి ముడుచుకుని కూర్చుని ఉంది, జుట్టు తడిసి నెత్తికి అంటుకుపోయింది, ముసలిది, చిన్నది. ఇర్యా గడపలోనే నిలబడి మణికట్టు మీది గడియారం చూసుకుంది.

"నీ దగ్గరికి రావడానికి మూడు నిమిషాలే పట్టిందే," అంది.

హెల్వి బల్లమీద పక్కకు జరిగి చోటిచ్చింది.